పనివాని పనిముట్టు ఎవరిది?

మహర్నవమినాడు మన పట్టణములో ఆయుధపూజ జరుగని యిల్లు లేదు. వర్తకుడు త్రాసునకు బొట్టు పెట్టెను. లారీ యజమాని చక్రములక్రింద నిమ్మకాయలుంచెను. మేము న్యాయవాదులము చట్టపుస్తకములను దొంతిగా పేర్చి, పైన కలమునుంచి, పసుపు కుంకుమలు చల్లి, ఆనాటికి వ్యాజ్యపుకట్టలు విప్పక విశ్రమించితిమి. సాయంకాలము మా వీథి చివర కాపురమున్న ఒక వడ్రంగి యింటికి పోయినపుడు కంటబడిన దృశ్యమే నేటి యీ వ్యాసమునకు హేతువు. గోడవారగా పీటమీద బాడిస, ఉలులు, రంపము, బరమా, మూలమట్టము, అరిగిన చేతిచిత్రిక వరుసగా నున్నవి. వరుస చివర మూరెడు మేర ఖాళీగా విడిచి, ఆ ఖాళీస్థలమునకే పసుపు రాసి బొట్టు పెట్టిరి. ఇదేమని యడుగగా ఇల్లాలు బదులు చెప్పక లోనికి పోయినది. వడ్రంగియే చెప్పెను: "అక్కడ మరలుండేవండయ్యా. మొన్న పట్టుకుపోయారు."

అతని కథ పెద్దది కాదు. విద్యుత్తుతో నడచు చిత్రికమరను, కోతమరను రెండేండ్ల వాయిదాలమీద ఒక ఋణసంస్థ ద్వారా తీసికొనెను. ఏడాదిన్నర వాయిదాలు తప్పక చెల్లించెను. అంతలో చేతికి గాయమై రెండు నెలలు పనికి పోలేకపోయెను. మూడవ నెల మొదటి వారమున ఇద్దరు యువకులు వచ్చి, కాగితములో ఒక షరతుమీద వ్రేలు పెట్టి చూపి, మరలు రెండింటిని ఆటోలో వేసికొని పోయిరి. కోర్టు ఉత్తరువు లేదు; అమీను లేడు; పంచనామా లేదు. ఇప్పుడు చేయి మానినది, పనికి పిలుపు వచ్చినది, పనిముట్టు మాత్రము లేదు. పనిముట్టుండిననే గదా వాయిదా చెల్లునది! బాకీ వసూలు చేయవచ్చినవారు బాకీ తీర్చు సాధనమునే యెత్తుకొనిపోయిరి. పాలబాకీకై వచ్చి పాడియావును కోతకమ్మినట్లున్నది.

ఇది చట్టసమ్మతమా యని అతడు మమ్మడిగెను. సమాధానము వెదకిన మాకే లజ్జ కలిగినది. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షనును చూడుడు. డిక్రీ పొందిన ఋణదాత బాకీదారుని ఆస్తిలో దేనిని జప్తు చేయరాదో అందు వరుసగా చెప్పబడినది. మొదట బాకీదారునికిని, అతని భార్యాబిడ్డలకును అవసరమగు కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారమునుబట్టి యే స్త్రీయు విడువరాని ఆభరణములు. ఆ వెంటనే రెండవ ఖండములో చేతిపనివారి పనిముట్లు. బాకీదారుడు కర్షకుడైనచో సేద్యపు పనిముట్లు, జీవనమునకు కావలసినవని న్యాయస్థానము తలచునన్ని పశువులు, విత్తనపుగింజలు. అన్నపుకుండకును మంగళసూత్రమునకును ప్రక్కనే ఉలిని కూర్చుండబెట్టినది ఆ శాసనము. ఈ దయ 1908లో క్రొత్తగా పుట్టినదియు కాదు. 1882 నాటి కోడులోనే యున్నది. మన నేతగాని నోటికూడు తీసిన దొరతనమే, డిక్రీదారుని చేయి మగ్గముమీద పడరాదని వ్రాసికొన్నది! ఆ దొరలకు మనమీద ప్రేమ యుండి వ్రాసిరని మేమనము. పనిముట్టు లాగికొన్నచో మనుష్యుడు బాకీ తీర్పలేడు, శిస్తు కట్టలేడు, తుదకు బిచ్చగాడై సర్కారుమీదనే పడునన్న లెక్క వారికి తెలియును. ఆ లెక్క నేటి మన ఋణదాతలకు తెలియలేదు.

స్వతంత్ర భారతము ఇంకొక మెట్టెక్కినది. 1976లో ఆ సెక్షనునకే (1ఎ) అను ఉపఖండమును చేర్చి, ఈ రక్షణ నాకక్కఱలేదని బాకీదారుడు ముందుగా వ్రాసియిచ్చిన ఒడంబడిక చెల్లదని శాసించినది. ఎంత యుక్తమైన మాట! ఆకలిగొన్నవాడు దేనిమీదనైనను సంతకము చేయునని శాసనకర్తలెఱుగుదురు. కావున ఆ సంతకమునకు విలువ లేదనిరి. మఱి యింత గట్టి గోడకు కన్నమెక్కడ పడినది? తాకట్టులో పడినది. ఆ సెక్షను కోర్టు చేయు జప్తునే యాపునుగాని, పనిముట్టునే అప్పునకు హామీగా వ్రాసియిచ్చినవానిని కాపాడదు. 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టమును చూచిన ఈ సంగతి పట్టపగలువలె తెలియును. 60వ సెక్షను క్రింద జప్తు చేయరాని ఆస్తుల జోలికి ఈ చట్టము పోదని అందలి 31వ సెక్షను ఒక చేత వ్రాసి, అప్పునకు ప్రత్యేకముగా హామీపెట్టిన ఆస్తులు తప్ప అని కుండలీకరణములలో రెండవచేత తుడిచివైచినది. మా వడ్రంగివంటి చిన్న బాకీదారుల విషయములో ఋణసంస్థలకు ఆ చట్టముతోగూడ పని లేదు. ఒడంబడికలో ఒక షరతు, ఇద్దరు బలిష్ఠులైన మనుష్యులు, ఒక ఆటో, అంతతో తీరిపోవును. బలవంతులను పంపి వాహనములను లాగికొను పద్ధతిని 2007లో సుప్రీముకోర్టు తీవ్రముగా గర్హించినది. ఆ గర్హణ మా వీథివఱకు ఇంకను రాలేదు.

కావున నేటి ధర్మమిది: "నా పనిముట్టు జప్తు చేసికొనుడు" అని వ్రాసిన చెల్లదు, "నా పనిముట్టు తాకట్టు పెట్టితిని" అని వ్రాసిన చెల్లును. వ్రాయువాడొకడే, అక్కఱ యొకటే, పోవు పనిముట్టొకటే. భేదమెక్కడనో పాఠకులే చెప్పవలయును. ఇరువదియేండ్లుగా కోర్టు మెట్లెక్కుచున్న మాకు కానరాలేదు.

దీనికి ప్రతివాదులు లేకపోలేదు. మా మిత్రులలోనే ఒకరు, బ్యాంకులో పెద్ద యుద్యోగము చేసినవారు, నవ్వి యిట్లనిరి: "తాకట్టు చెల్లదంటే వానికి అప్పిచ్చేవాడెవడండీ? మీరు రక్షించబోయి వానిని చంపుతారు." ఈ వాదమునందు కొంత సత్యము లేకపోలేదు గనుక సమాధానము చెప్పవలసియున్నది. వ్యవసాయభూమిమీది హామీకి సర్ఫేసీ చట్టము వర్తింపదని అదే 31వ సెక్షనులో కలదు. అంతమాత్రమున బ్యాంకులు రైతులకప్పిచ్చుట మానినవా? ఇంకొకటి. 2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమును ప్రారంభించినది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, తాపీపనివాడు, చెప్పులు కుట్టువాడు, చాకలి, మంగలి, దర్జీ, వల అల్లువాడు మొదలుగా 18 వృత్తులవారి కది యుద్దేశింపబడినది. పనిముట్లకై 15,000 రూపాయల వఱకు సహాయము. తరువాత మొదట 1 లక్ష, పిదప 2 లక్షల రూపాయల అప్పు, 5 వంతుల వడ్డీకి, ఎట్టి తాకట్టును లేకుండ. తాకట్టు లేక అప్పిచ్చుట సాధ్యమని ప్రభుత్వమే యొప్పుకొన్నదిగదా! సర్కారు ఒక చేత పనిముట్టునిచ్చుచుండ, ఋణసంస్థ రెండవ వీథిలో దానిని లాగికొనుచుండుట యేమి పరిపాలనము? చిల్లికుండలో నీరు పోయువాని ఔదార్యమును మెచ్చుకొందుము. చిల్లి పూడ్చుమని కూడ కోరుదుము. (ఆ 18 వృత్తులలో పనిముట్లు చేయువాడును చేరియున్నాడు, సంతోషము. నేతగాడు చేరలేదు, అతనికి వేఱు పథకములున్నవని చెప్పుదురు. ఆ పథకములసంగతి మఱొక వారము వ్రాసెదము.)

ఇక రెండవ ప్రతివాదము ఇంతకంటె లఘువైనది, ఇంతకంటె క్రూరమైనది. "పోతే పోయింది, ఇంకొకటి కొనుక్కోరాదా?" అని. ఈ మాట యనువారు పనిముట్టన నేమో యెఱుగనివారు. కలము పోయిన మఱొక కలము కొనుక్కొను మావంటివారికి సకల సాధనములును అట్లే తోచును. పనివాని సంగతి అది కాదు. తన తండ్రి పట్టిన ఉలికి పిడి అతని అరచేతి గుంటనుబట్టి అరిగియుండును. కంసాలి కమ్మచ్చులో ఏ బెజ్జమునుండి లాగిన తీగ యెంత సన్నమగునో అతని వ్రేళ్లకు తెలియునుగాని కంటికి తెలియదు. చెప్పులు కుట్టువాని ఆరెకు వంపు అతడే పెట్టుకొనును. ఒకని ఆరె మఱొకని చేతికి రాదు. గొఱ్ఱుతో విత్తు రైతు జడ్డిగములోనికి గింజలు జార్చునపుడు చూచితిరా? ఎడ్ల నడకను, నేల తడిని, గింజ బరువును ఒక్క పిడికిలిలో కొలిచి, అన్ని గొట్టములకును సమముగా పంచును. ఆ పిడికిలిని ఏ అంగడిలో కొందురు? కల్లుగీచువాని మోకు అతని నడుమును, అతని బరువును ఎఱిగినది. ఎరువు తెచ్చుకొన్న మోకుతో తాడెక్కుమని చెప్పుడు, అతని యాలి యేమనునో వినుడు!

మఱి కొంచెము దూరము, శ్రీకాకుళము జిల్లాలోని పొందూరునకు పోదము. అచటి సన్నఖద్దరు మహాత్ముని కాలమునుండియు పేరెన్నికగన్నది. పత్తిని శుభ్రపఱచుటకు అచటి స్త్రీలు వాడు సాధనము ఏ కర్మాగారమునందును పుట్టినది కాదు. అది వాలుగచేప దవడయెముక. అందలి సన్నని పండ్లవరుసతో దువ్విన పత్తిలో నలుసు నిలువదు, పోగునకు దెబ్బ తగులదు. అట్లు దువ్వి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో దాచి, 24 ఆకుల రాట్నముమీద ఒక్క కదురుతో వడకుదురు. ఈ సరంజామాతోనే నూఱవ నంబరు నూలు తీయుదురు. ఆ యెముకకు సంతలో వెల యెంత? దానిని జప్తు చేయవలెనని ఏ అమీనునకును తోచదు. అయినను అది లేనినాడు ఆ నూలు లేదు. పనిముట్టు విలువ దాని ధరలో నుండదు. దానివెనుకనున్న తరముల నేర్పులో నుండును. ఋణదాత యొక్క జాబితాలో ఆ నేర్పునకు పంక్తి లేదు గనుక అతడు దానిని ఉచితముగా ధ్వంసము చేయుచున్నాడు.

ఇట్లనగానే మమ్ము పాతకాలపువారమని, యంత్రద్వేషులమని యాక్షేపింతురు. మా వడ్రంగి పోగొట్టుకొన్నది విద్యుద్యంత్రమేగాని బాడిస కాదని మనవి. మంచి యంత్రమును మనవారెన్నడును కాదనలేదు. చేతితో నాడెను విసరుకొనుచున్న మన కోస్తా నేతగాండ్రు, త్రాడు లాగిన పరుగెత్తు నాడె వచ్చినపుడు, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలోనే దానిని అక్కున జేర్చుకొనిరి. ఇటీవలి సంగతి యింకను గొప్పది. పోచంపల్లి తరహా రంగుల చీరకు నేతకు ముందు ఆసు పోయవలయును. అర్ధచంద్రాకారముగా నాటిన మేకులచుట్టును, నడిమి మేకునకును నడుమ చేయి ముందుకు వెనుకకు ఆడుచునే యుండవలయును. ఒక్క చీరకు 9,000 మారులు. దినమునకు రెండు చీరలకు పోసిన 18,000 మారులు. ఈ పని ఇంటి ఆడువారిది. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని శారాజీపేట వాసి చింతకింది మల్లేశము, తల్లి భుజము పడు బాధను చూడలేక, 1992లో మొదలిడి, అప్పులపాలై, ఊరివారిచే వెఱ్ఱివాడనిపించుకొని, 1999లో ఆసు యంత్రమును పూర్తిచేసెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రమనెను. ఆరవ తరగతితో బడి విడిచినవాడతడు! 2017లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. ఆ యేడేండ్ల మధ్యకాలములో ఏ ఋణదాతయైనను వచ్చి అతని సగముచేసిన యంత్రమును బాకీక్రింద కట్టుకొనిపోయియుండిన? ఈ ప్రశ్న మాకు రాత్రులు నిద్రపట్టనీయదు. అట్లు పోయినవి ఎన్ని యున్నవో లెక్క యెవరు వ్రాసిరి?

పనిముట్టును గూర్చి ఈ దేశములో అందఱికంటె గట్టిగా ఆలోచించినవారు గాంధీమహాత్ములు. ఎరవాడ చెఱసాలలో ఆయన చేతిలో రూపుదిద్దుకొన్న పెట్టెచరఖాకు ఆ చెఱసాల పేరే నిలిచినది. 1929లో అఖిల భారత చరఖాసంఘము మేలైన రాట్నమునకు 1 లక్ష రూపాయల బహుమానము ప్రకటించినది. నాటి లక్ష! ఆ షరతులు చదువదగినవి. పల్లెయింట స్త్రీ యొకతె ఎనిమిది గంటలు అలసట లేకుండ నడపగలుగవలయును, వెల 150 రూపాయలు మించరాదు, 20 ఏండ్లు మన్నవలయును, దేశములోనే తయారుకావలయును. ఆ బహుమానము ఎవరికిని దక్కలేదు. అయినను ఆ షరతులలోని తత్త్వమును గమనింపుడు. నడుపువారి శరీరమేమి, ఇల్లేమి, సంచిలోని పైకమేమి అని మొదట అడిగి, తరువాత యంత్రమును గూర్చి యడిగిరి. ఈనాడు వాయిదాలమీద అమ్ముచున్న మరలకు మొదటి ప్రశ్న వాయిదా యెంతయని. మిగిలిన ప్రశ్నలు లేవు.

పనిముట్టు చేతిలోనుండియు తనది కాకపోవుట అను క్రొత్త యనర్థము కూడ వచ్చినది. పూర్వము నాగలి కఱ్ఱు మొండిపడిన కమ్మరి కొలిమికి పోయి సాగగొట్టించుకొని మధ్యాహ్నమునకు మడిలో నుండెడివారు. నేడు రైతు కొన్న యంత్రములో ఒక చిన్న మీట చెడిన, ఊరిలో మెకానికు ఎంత నేర్పరియైనను, దానిని విప్పుటకు వలసిన సరంజామాగాని, పటముగాని, విడిభాగముగాని అతనికి చిక్కదు. కంపెనీవాడు వచ్చువఱకు పదును ఆగునా? ఈ బాధను గుర్తించియే 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కునకై సంఘము నేర్పరచి, సేద్యపు యంత్రములను ఆ పరిశీలనలో చేర్చినది. హక్కన్న తరువాత శాసనము కావలయును. అంతర్జాలములో నొక జాబితా పెట్టిన చాలదు.

ఇంత జరుగుచున్నను మన చదువరులకు చీమ కుట్టినట్లైనను లేకపోవుటకు కారణమేమి? మా నిశ్చితాభిప్రాయము చెప్పెదము: పనిముట్టు పేరెఱుగనివానికి పనిముట్టు పోయిన బాధ తెలియదు. ఈ పఠనాలయములో కూర్చున్న పదిమంది పట్టభద్రులను బాడిసకును గొడ్డలికిని భేదమడుగుడు. దాగలి యన నేమో, సారె యన నేమో యడుగుడు. తెలియకపోవుట నేరము కాదు. తెలియకపోవుటను గౌరవముగా భావించుట నేరము. మన భాషలో ఆ పదములు లేకపోయినవా? ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి నాయకత్వమున పండితులు ఊరూర తిరిగి, పనివారి నోటినుండి విని వ్రాసికొన్న మాండలిక వృత్తిపదకోశము కలదు. 1962లో వ్యవసాయపదముల సంపుటమును, 1971లో చేనేతపదముల సంపుటమును నాటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. కాడికి, మేడికి, నాడెకు, కండెకు జిల్లాజిల్లాకు గల పేర్లు అందున్నవి. రెండు రాష్ట్రముల తెలుగువారము దానిని గూర్చి గర్వపడవలసినదే. కాని యెన్ని పఠనాలయముల బీరువాలలో ఆ సంపుటములున్నవి? ఉన్నచోట ఎన్నింటి పుటలు విప్పబడినవి?

శాస్త్రజ్ఞులైనను పనిముట్టును చిన్నచూపు చూచిరా? లేదు. జగదీశచంద్ర వసువుగారు కలకత్తాలో 1890 దశకమున విద్యుత్తరంగములను పరిశోధించునపుడు, కావలసిన సాధనములను చదువురాని రేకుపనివానికి నేర్పి అతని చేతనే చేయించుకొనిరి. 1928 ఫిబ్రవరి 28వ తేదీన రామనుగారి కనుగొన్న కాంతి రహస్యము మొట్టమొదట జేబులో పట్టు చిన్న వర్ణపటదర్శినిలో బయటపడినది. ప్రయోగశాలకును కొలిమికిని చుట్టరికమున్నదని వారెఱుగుదురు. మన బడులు ఎఱుగవు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారు న్యాయవాదవృత్తి నొల్లక, మిత్రులతో గూడి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, అక్షరముతోపాటు మగ్గమును, వడ్రంగమును అదే యావరణములో నేర్పించిరి. 1937లో వార్ధాలో చేతిపనినే చదువునకు నడిబొడ్డు చేయవలెనని తీర్మానించిరి. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము వచ్చుసరికి మనకు దక్కినది, ఆరు మొదలు ఎనిమిది తరగతుల నడుమ ఎప్పుడో ఒకసారి, సంచి లేకుండ పది దినములు వడ్రంగివద్దను కుమ్మరివద్దను గడుపుట. పది దినములు! కుమ్మరి సారెముందు కూర్చున్న బాలునికి మట్టి మధ్యకు నిలుచుటకే పది దినములు చాలవు. అయినను ఆ పదియైనను ఏ బడిలో నిజముగా జరుగుచున్నదో, ఏ బడిలో పట్టికలో మాత్రమే జరుగుచున్నదో మా పాఠకులు తమ తమ ఊళ్లలో విచారింతురుగాక.

ఇప్పుడు కోరవలసినదేమి? మేము కోరుచున్నది దానము కాదు, మాఫీ కాదు. అప్పు తీర్పవలసినదే, అందుకు పని చేయవలసినదే, కావుననే పనిముట్టు అతని చేతిలో నుండవలసినదే. 60వ సెక్షను రెండవ ఖండములోని రక్షణను తాకట్టువఱకు పొడిగించుచు పార్లమెంటు సవరణ చేయవలయును. స్వహస్తముతో పనిచేసి జీవించు వాని పనిముట్లమీద, అవి చేతితో నడచినను విద్యుత్తుతో నడచినను, వ్రాయించుకొన్న హామీ 1976 నాటి ఉపఖండములోని వదలుకోలు పత్రమువలెనే చెల్లదని స్పష్టముగ చెప్పవలయును. పెద్ద కర్మాగారముల యజమానులు ఈ గొడుగు క్రింద దూరకుండ పనిముట్ల విలువకు ఒక హద్దు పెట్టుడు; అభ్యంతరము లేదు. అంతవఱకు కోర్టు ఉత్తరువు లేనిదే ఎవరును పనివాని గడప దాటి సాధనమును తీసికొనిపోరాదని జిల్లా యధికారులు ఋణసంస్థలను పిలిచి హెచ్చరింపవలయును. ఇందుకు క్రొత్త చట్టముతో పని లేదు. ఉన్న అధికారము చాలును.

మా న్యాయవాద సోదరులకు ప్రత్యేకముగ నొక మాట. డిక్రీదారుల పక్షమున వాదించి మనము పైకము గడించితిమి, దానిని దాచుకొననక్కఱలేదు. ప్రతి పట్టణములోను ఇద్దరు న్యాయవాదులు వారమున కొక సాయంకాలము పఠనాలయములో కూర్చుండి, పనివారి ఋణపత్రములను వారి భాషలో చదివి చెప్పిన చాలును. మా వడ్రంగి సంతకము పెట్టిన పత్రము ఆంగ్లములో, చీమతలంత అక్షరములలో, పదునాలుగు పుటలు. అందలి షరతును చూచుటకు మాకే కంటద్దములు మార్చవలసివచ్చినది. పట్టణములోని యువకసంఘములవారు వృత్తివారి వీథులలో తిరిగి, ఎవరి పనిముట్లు ఎప్పుడు ఎట్లు పోయినవో పేరుపేరున వ్రాసికొనిరండు. జాబితా మాకు చేరిన, పేర్లు బయటపెట్టక, లెక్కను ఈ పుటలోనే ప్రకటింతుము. లెక్క లేని దుఃఖమును ఏ శాసనసభయు వినదు.

మా వడ్రంగి తరఫున ఋణసంస్థకు నోటీసు పంపితిమి. వారు మరలను అప్పటికే వేలము వేసితిమని, వచ్చిన సొమ్ము వడ్డీకిని ఖర్చులకును చాలలేదని, ఇంకను బాకీ యున్నదని ప్రత్యుత్తరమిచ్చిరి. వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు దాఖలు చేసితిమి; వాయిదా పడినది. నిన్న ఉదయము అతని యింటిముందుగా పోవుచుండ చప్పుడు వినవచ్చి ఆగితిమి. మానిన చేతితో తండ్రినాటి చిత్రికను పట్టి, మామిడిపలకమీద, దర్వాజాకో దూలమునకో తెలియదు, నూనె లేక గీరుమను చప్పుడుతో తోయుచున్నాడు. ఎన్ని దినముల పనియని యడిగితిమి. "మరమీదైతే పూటండయ్యా. దీనిమీద నాలుగు రోజులు. కూలి మాత్రం పూటదే ఇస్తారు," అని చెప్పి, చిత్రిక బోర్లించి, ఆకు పదును బొటనవ్రేలితో చూచుకొనెను.